రెండొందల పదిహేడు

అసిరినాయుడు మాస్టరు ఉత్తరం తెచ్చినాడు.
హైస్కూలు ముద్ర, కింద ఆకుపచ్చ సంతకం.
పది రోజులు, రోజుకి మూడు గంటలు,
తొమ్మిదో తరగతి పిల్లకి పని అనుభవం కల్పించవలెనట.
జీతం ఇవ్వక్కర్లేదట.
"అనుభవం ఇమ్మంటే ఎలాగిస్తాం మాస్టారూ,
వైరు కలిపీసి పంపించీడానికి కరెంటా అది?"
నవ్వీసి బండి స్టాండు తీసేసినాడు.

నరసన్నపేటలో కొట్లకి కరువేటి.
ఇద్దరు బంగారం కొట్టుకి, ముగ్గురు బట్టల షోరూముకి,
ఒకడు మందుల షాపుకి. అందరూ ఏసీ కిందకే.
నాది కాలిపోయిన మోటార్లు, ఫ్యాన్లు కట్టే కొట్టు.
వార్నీసు కంపు, మధ్యాన్నానికి పెనమైపోయే రేకు కప్పు.
మిగిలిపోయిన కొట్టుకి
మిగిలిపోయిన పిల్లని తోలేరనుకున్నాను.
కాదట. గేదెల దీక్షిత సీటీ రాసిచ్చి మరీ అడిగినాదట.
"ఏలమ్మా?" అంటే
"మా ఇంట్లో ఫ్యాను మూడుసార్లు నీ కాడికే వచ్చినాది,
లోపలేటుందో సూద్దామని."

వచ్చీ రాగానే గోడ సూసినాది.
లేబరాఫీసోళ్లు అంటించిన కాగితం:
ఈ దుకాణంలో బాల కార్మికులు లేరు.
సరిగ్గా దాని కిందే స్టూలేసుకుని కూకున్నాది.
ఎవరన్నా అడిగితే సూపించడానికని
ఉత్తరం పక్కన మేకుకి తగిలించినాను.

నాను పనిలో సేరిన రోజు ఉత్తరం లేదు.
పదకొండేళ్లు. మాయమ్మ సెయ్యట్టుకుని తెచ్చి
గౌరీసు మేస్త్రికి అప్పజెప్పీసి
ఎనక్కి సూడకండా ఇచ్ఛాపురం బస్సెక్కీసినాది.
సుట్ల లెక్క తప్పితే
మేస్త్రి సుత్తి పిడి నా ఏళ్ల మీద పడీది.
అదీ అనుభవమే.
దానికెవరూ కాగితం ఇవ్వలేదు.

ఈ గుంట రెండో రోజు అడిగినాది,
"రాగి తీగకి ఆ పూత ఎందుకు మావా?"
ముప్పై నాలుగేళ్లై తీగ సుడుతున్నాను.
పూత పోతే కాలిపోద్దని తెలుసు.
ఎందుకన్నది ఎప్పుడూ అడగలేదు, ఎవర్నడుగుతాను.
రాత్రి మంచమ్మీద కూడా అదే.
మర్నాడు తనే పుస్తకం తీసి బొమ్మ సూపించినాది.
పూత లేకపోతే సుట్టుకీ సుట్టుకీ మధ్య
కరెంటు అడ్డదారి తొక్కుద్దట.
కరెంటుకీ మనిసి బుద్ధే అన్నాను.
రాసుకున్నాది.

నాలుగో రోజు నుంచి లెక్క దానిదే.
సీలింగు ఫ్యాను, కాయిలుకి మూడొందల ఎనభై సుట్లు.
నాను పిడి తిప్పుతుంటే
దాని పెదాలు కదిలీవి, మాట బయటికి రాదు.
ఫోను మోగినాది. జలుమూరు రైతు,
నారు ఎండిపోతంది మోటారెప్పుడిస్తావని తిట్లు.
పెట్టీసి, "రెండొందల ముప్పై" అన్నాను.
"రెండొందల పదిహేడు."
తల కూడా ఎత్తలేదు.
టీ తాగుతున్న గిరాకీలు ఇద్దరూ నా ఏపే సూసినారు.
ఇప్పుకుంటూ లెక్కెట్టినాం, ఒక్కో సుట్టూ.
పదిహేడే.
నా ఏళ్లు వాటంతట అవే ముడుసుకున్నాయి,
ఎదర ఏ సుత్తీ లేకపోయినా.

ఆఖరి రోజు ఫారం వచ్చినాది.
సమయపాలన. శుభ్రత. పెద్దల పట్ల గౌరవం.
ఐదుకి ఎన్నో ఏయాలి.
శుభ్రతకి మూడేసినాను,
సున్నీ మీద వార్నీసు మరక నా సెయ్యి జారి పడిందేనని
గుర్తొచ్చి నాలుగు సేసినాను.
గౌరవం దగ్గర పెన్ను ఆగిపోనాది.
గిరాకీ ముందు తప్పన్నాది కదా నన్ను.
కాసేపు సూసి
ఐదేసినాను.

డబ్బులిస్తే రూలొప్పదన్నాడు మాస్టరు.
ఎర్ర పిడి టెస్టరు ఒకటి
రూలుకి కనబడకండా
దాని జామెట్రీ బాక్సులోకి ఎల్లిపోనాది.

ఉత్తరం ఇంకా మేకుకే ఉన్నాది.
నిన్న ఫ్యాను సుడుతుంటే ఫోను మోగినాది.
మాటాడి పెట్టీసి,
"ఎంతైందే?" అన్నాను.
స్టూలు మీద పాత బేరింగులు.
తీగంతా ఇప్పీసినాను.
ఒకటి.